వియ్యంకుడి క్రషర్

పెళ్లయి కెలమంగలం పక్కనున్న ఈ పల్లెకు వచ్చినప్పుడు మంజులమ్మకు పట్టుపురుగుల సంగతి ఏమీ తెలియదు. పుట్టిల్లు ఊత్తంగరై దగ్గర. అక్కడ మామిడి తోటలు, వేరుశెనగ చేలు. పురుగుల పని అత్త నేర్పింది. తడి ఆకు వేయకూడదు, వాడిన ఆకు వేయకూడదు, పురుగుల ఇంట్లో గాలి ఆడాలి, చుట్టుపక్కల ఎవరూ బీడీ కూడా కాల్చకూడదు. పురుగు పెరిగే లోపల నాలుగుసార్లు మేత మాని, తల ఎత్తి, కదలకుండా ఉండి చర్మం విడుస్తుంది. దాన్ని జ్వరం అంటారు. నాలుగో జ్వరం నుంచి లేచిన పురుగులు ఆకు తింటుంటే పెంకుల మీద చినుకులు పడినట్టు ఇల్లంతా ఒకటే చప్పుడు. ఆ చప్పుడు వింటూ కూర్చోవడం మంజులమ్మకు ఇష్టం. భర్త జయరామప్పకు తోట ఇష్టం. పొద్దున మల్బరీ మొక్కల్లోకి దూరితే అన్నం వేళకు గాని బయటికి వచ్చేవాడు కాదు. తాతల నాటి భూమి, ఊళ్లో మర్యాద, ఒక్కతే కూతురు పవిత్ర. కొరత లేని సంసారం.

పవిత్రను దూరం ఇవ్వలేదు. తోట వెనకనున్న పెద్ద బండకు అవతలి పక్కనే ఇచ్చారు. వియ్యంకుడు రామకృష్ణప్ప లారీలు తిప్పి పైకొచ్చిన మనిషి. గట్టిగా మాట్లాడతాడు, గట్టిగా నవ్వుతాడు, ఎవరికి ఆపద వచ్చినా ముందు తన కారు పంపుతాడు. అల్లుడు శశికుమార్ నెమ్మదైనవాడు. కూతురు కేకేస్తే పలికే దూరంలో ఉందని మంజులమ్మ పొంగిపోయింది.

పెళ్లయిన మరుసటి ఏడు రామకృష్ణప్ప ఆ బండను గుత్తకు తీసుకున్నాడు. రాయి పగలగొట్టి జల్లి, అంటే కంకర, చేసే క్రషర్ పెడతానన్నాడు. జల్లి మోసే టిప్పర్లు రోడ్డెక్కాలంటే జయరామప్ప చేను అంచు మీదుగానే దారి తీయాలి.

"బావా, నీ గట్టు పక్కన రాళ్ల నేల ఉండాదే, దాంట్లో ఏమీ పండదు గదా. ఆ తునక నాకిస్తే బండ్లు పోతాయి" అని అడిగాడు రామకృష్ణప్ప.

"దీనికి అడగల్నా బావా? నీదీ నాదీ అని యాడుండాది?" అన్నాడు జయరామప్ప.

ఆ వారమే కాగితాల మీద సంతకం పెట్టాడు. మంజులమ్మ ఇద్దరికీ కాఫీ కలిపి ఇచ్చింది. మనవరాలో మనవడో పుట్టి ఆ దారిలోనే తమ ఇంటికి నడిచి వస్తారని ఆమె అప్పుడు తలచుకుంది.

మనవరాలే పుట్టింది. మంజుశ్రీ అని పేరు పెట్టారు. కాని ఆ దారిలో నడవడానికి లేకపోయింది. టిప్పరు పోయిన ప్రతిసారీ మనిషెత్తు దుమ్ము లేచేది. అది కింద పడే లోపలే ఇంకో టిప్పరు వచ్చేది. బండ మీద పొద్దంతా క్రషర్ రాయిని నమిలి ఉమ్మేది. ఆ పొడి గాలికి లేచి, తెల్లని పొగమంచులాగ తోట మీద, ఇంటి మీద, ఆరేసిన బట్టల మీద, కుండలో నీళ్ల మీద వాలేది. ఇది చాలదన్నట్టు బండకు తూర్పున వేరేవాళ్లు ఇంకో రెండు క్రషర్లు పెట్టారు. గాలి ఎటు తిరిగినా ఏదో ఒకదాని దుమ్ము వచ్చి తీరేది.

మొదట దెబ్బ తిన్నవి పురుగులు. ఆకు మీద దుమ్ము ఉంటే పురుగు ముట్టదు. ముట్టినా విరేచనాలు పట్టి నల్లబడుతుంది. సరే అని ఆకు కడిగితే, ఆ తడికి ఇంకో రోగం. మంజులమ్మ కొమ్మ కొమ్మా దులిపి, పంచెతో తుడిచి, నీడలో ఆరబెట్టి వేసేది. తట్టల నిండా పురుగులు, వాటికి కావలసింది బండెడు ఆకు, ఆమెకు ఉన్నవి రెండు చేతులు. గాలికి కిటికీలు తెరిస్తే దుమ్ము, మూస్తే ఉక్క. చివరికి గోనెపట్టలు తడిపి కిటికీలకు కట్టింది. తమ ఇంటికీ అట్లాగే కట్టింది. ఆ గోనెలు కాసేపట్లోనే ఆరిపోయి సున్నం కొట్టినట్టు తెల్లబడేవి. మళ్లీ తడపాలి. పట్టపగలు లైటు వేసుకుని ముద్ద తినే ఇల్లయింది అది.

తర్వాత జయరామప్పకు దగ్గు పట్టుకుంది.

"చలిగాలి" అన్నాడాయన. చలి పోయింది, దగ్గు పోలేదు. "ఎండ పొడి" అన్నాడు. వానలు వచ్చినా పోలేదు. బీడీ, చుట్ట ఎరగని మనిషి. తోటలోకి పోయి సగం సాలు దాటే సరికి గట్టు మీద కూర్చుండిపోయేవాడు. అట్లా కూర్చున్నది భార్య చూస్తే ఏదో మొక్కను పరీక్ష చేస్తున్నట్టు నటించేవాడు. కొన్నాళ్లకు ఆ గట్టు దాకా కూడా పోలేక వసారాలోనే ఉండిపోయాడు.

"ఆ దుమ్మువల్లే ఇదంతా. బావతో ఒక మాట చెప్పల్ల నువ్వు" అంది మంజులమ్మ.

"ఏమని చెప్పేది? నీ క్రషర్ మూసేయి అనా? దారి ఇచ్చింది ఎవరు?" అన్నాడు. ఊపిరి తీసుకుని మళ్లీ అన్నాడు, "పిల్ల ఆ ఇంట్లో ఉండాది. నోరు తెరవద్దు."

మంజులమ్మ నోరు తెరవలేదు. పవిత్ర ఫోను చేసి "నాయన ఎట్లుండాడు?" అంటే, "బాగుండాడు, తోటకు పోయినాడు" అనేది. "పాప ఎట్లుండాది?" అని తను అడిగితే, "బాగుండాదిమా, ఆడుకుంటా ఉండాది" అనేది పవిత్ర. మనవరాలిని పిలుచుకుని రమ్మంటే మాత్రం ఏదో ఒక అడ్డం చెప్పేది. బడి అనేది, పండగ అనేది, అత్తకు మోకాళ్ల నొప్పి అనేది. పెద్దింటి కోడలు, తీరిక ఉండదులే అని మంజులమ్మ సర్దుకునేది.

ఒక రోజు పొద్దున జయరామప్ప పళ్లు తోముకుంటూ తొట్టి దగ్గర కూలబడిపోయాడు. పెదాలు నీలంగా మారాయి. మంజులమ్మ కేకలకు రోడ్డు అవతలి కాలనీ నుంచి తిమ్మరాయప్ప, అతని భార్య చౌడమ్మ పరిగెత్తుకొచ్చారు. ఒకప్పుడు వాళ్లు ఇదే తోటలో కూలికి వచ్చినవాళ్లు. ఇప్పుడు కొడుకు ముత్తు క్రషర్‌లో లోడింగ్ పని చేసి ఇల్లు నడుపుతున్నాడు. తిమ్మరాయప్ప ఎవరికో ఫోను చేశాడు. రెప్పపాటులో కారు వచ్చి వాకిట్లో నిలిచింది. రామకృష్ణప్ప కారు. డ్రైవరు దిగి తలుపు తీశాడు. "అయ్య పంపించినాడమ్మా, హోసూరుకు పొమ్మన్నాడు" అన్నాడు.

మంజులమ్మ మొగుణ్ని ఆ కారులో కూర్చోబెట్టింది. అద్దాలు ఎత్తి ఏసీ వేశాడు డ్రైవరు. తమ చేను అంచునే, టిప్పర్ల వెనకే, దుమ్ములోంచి కారు పోతోంది. ఆ దుమ్ము ఎవరిదో, ఈ చల్లగాలి ఎవరిదో ఆమెకు తెలుసు. దగ్గుతున్న మొగుడి వీపు రాస్తూ, "అన్నకు వెయ్యి దండాలు చెప్పినానని చెప్పప్పా" అంది డ్రైవరుతో. ఆ మాట అనక తప్పలేదు.

హోసూరులో ఊపిరితిత్తుల డాక్టరు సుబ్రమణి ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూశాడు.

"క్వారీలో ఎన్నేండ్లు పని చేసినారు?"

"పని చేయలేదు సార్. నేను రైతును" అన్నాడు జయరామప్ప.

"మరి క్రషర్‌లో?"

"లేదు సార్. క్రషర్ పక్కన ఇల్లుండాది, అంతే. ఊరికే బతికినాను ఆడ."

డాక్టరు కలం కింద పెట్టాడు. రాతి పొడిలో కంటికి కనబడే దుమ్ముకంటే కనబడనిదే చెడ్డదని చెప్పాడు. పెద్ద నలుసు ముక్కులో ఆగుతుంది, తుమ్మితే పోతుంది. సన్న పొడి ఊపిరితో పాటు అడుగు దాకా దిగిపోయి అక్కడే ఉండిపోతుంది. దాని చుట్టూ ఊపిరితిత్తి గట్టిపడుతుంది. గట్టిపడిన చోటు మళ్లీ మెత్తబడదు. గుండె మీద కూడా బరువు పడుతుంది. మందులు ఇస్తాను, నోట్లోకి పీల్చే మందు ఇస్తాను, కాని అసలు మందు అది కాదు అన్నాడు.

"మరి ఏది సార్?" అంది మంజులమ్మ.

"గాలి మార్చల్లమ్మా."

"యాడికి పోయేది సార్? హోసూరుకు రానా?"

డాక్టరు కిటికీ వైపు చూశాడు. బయట లారీల హారన్లు, ఫ్యాక్టరీ బస్సులు, ఫ్లైఓవర్ కింద కమ్ముకున్న పొగ. "ఈ ఊరు వద్దులే" అన్నాడు.

జయరామప్పను లోపల పరీక్షలకు తీసుకుపోయారు. మంజులమ్మ బయటి బెంచీలో కూర్చోబోతూ ఆగిపోయింది. ఎదురుగా, గోడ వారగా పవిత్ర కూర్చుని ఉంది. ఒళ్లో మంజుశ్రీ. పాప ముఖానికి ఆకుపచ్చ ప్లాస్టిక్ మాస్కు, దానికి ఒక గొట్టం, గొట్టం చివర బుర్రుమంటున్న మిషను. మాస్కులోంచి ఆవిరి వస్తోంది. పాప కళ్లు మూసుకుని ఉంది. గొంతు కింది గుంట లోపలికి పోయి వస్తోంది.

పవిత్ర తలెత్తింది.

"నువ్వేందిమా ఈడ?" అంది పవిత్ర.

"నువ్వేంది?"

"నాయన యాడ?"

"లోపల." మంజులమ్మ పాప పాదం పట్టుకుంది. చల్లగా ఉంది. "ఎప్పటినుంచి?"

"పోయినేడాది వేసవి నుంచి." పవిత్ర గొంతు తగ్గించింది. "వారానికొకసారి ఈడికే వస్తాము. చెప్తే నువ్వు ఊరుకుంటావా? వచ్చి మా మామతో మాట్లాడతావు. నాయనకు తెలిస్తే దారి ఇచ్చింది నేనే గదా అని కుమిలిపోతాడు. అందుకే చెప్పలేదు."

"నేనూ అందుకే చెప్పలేదమ్మా" అంది మంజులమ్మ. "మీ నాయన సంగతి నీకు తెలిస్తే ఆ ఇంట్లో నువ్వు నలిగిపోతావని."

పవిత్ర ఏడవలేదు. పాప మాస్కు జారితే సరిచేసింది. "మా మామ చెడ్డవాడు కాదుమా. పాపకు ఊపిరాడక ఎగపోత వస్తే ఆయనే ఎత్తుకుని తిరుగుతాడు. కాని దుమ్మువల్ల అని మాత్రం ఒప్పుకోడు. ఐస్‌క్రీమ్ తిన్నింది అంటాడు, చలి తగిలింది అంటాడు. నాకు దుమ్ములోనే జీవితం పోయింది, నాకేమయింది అంటాడు. అత్త దిష్టి తీస్తాది."

మిషను ఆగింది. పాప కళ్లు తెరిచి, అవ్వను చూసి, మాస్కు లోపలినుంచే నవ్వింది.

తిరుగు దారిలో నలుగురూ ఒకే కారులో కూర్చున్నారు. జయరామప్ప మనవరాలి ముఖం చూశాడు, కూతురి చేతిలో మందుల సంచీ చూశాడు. కారు తన చేను అంచు మీదికి తిరిగినప్పుడు తల పక్కకు తిప్పుకున్నాడు.

పాపను ముందు కెలవరపల్లికి పంపారు. శశికుమార్ మేనత్త ఇల్లు అక్కడ, డ్యాము పక్కనే. నీళ్ల ఒడ్డున గాలి చల్లగా ఉంటుందనుకున్నారు. కాని వానలకు తెన్‌పెన్నై పొంగి, డ్యాము గేట్లు ఎత్తేసరికి, ఎగువ ఫ్యాక్టరీల మురికితో నది మీద తెల్లని నురుగు గుట్టలు గుట్టలుగా లేచింది. గాలికి ఆ నురుగు తునకలు రోడ్డు మీదికి, మిద్దెల మీదికి ఎగిరొచ్చాయి. ముక్కు మూసుకున్నా ఆగని వాసన. పాపకు అక్కడే ఎగపోత లేచింది. వారం తిరగకుండానే వెనక్కి పిలుచుకొచ్చారు.

జయరామప్పను మంజులమ్మ తన తమ్ముడు రామచంద్ర ఇంటికి, ఊత్తంగరైకి తీసుకుపోయింది. అక్కడ మామిడి తోటలో మంచం వేశారు. మొదటి రోజులు ఆయన దగ్గుతూనే ఉన్నాడు. తర్వాత దగ్గు పలచబడింది. ఒక పొద్దున మంజులమ్మ లేచి చూస్తే మంచం ఖాళీ. తోటంతా వెతికింది. బావి అవతల, చివరి చెట్టు దగ్గర నిలబడి, కొమ్మ వంచి పూత చూస్తున్నాడు జయరామప్ప. అంత దూరం నడిచి పోయాడు.

"చూస్తివా, గాలిదే అంతా" అంది మంజులమ్మ సంతోషం పట్టలేక.

ఆయన కొమ్మ వదిలేశాడు. "ఇన్నాళ్లూ కాదు కాదు అని చెప్పుకుంటా వస్తిని. ఇంక అట్ల చెప్పుకునేదానికి గూడా లేదు" అన్నాడు.

బావమరిది ఇంట్లో ఎన్నాళ్లని ఉంటారు? ఇంటి దగ్గర ఆవులను చౌడమ్మకు అప్పగించి వచ్చారు. తోట ఎండుతోంది. తెగనమ్మి ఇక్కడే నాలుగు గుంటలు కొనుక్కుందామని మంజులమ్మ అంటే జయరామప్ప నవ్వాడు. ఆ దుమ్ము నేల కొనేవాడు లోకంలో ఒక్కడే ఉన్నాడు, జల్లి పోసుకోడానికి చోటు కావలసిన రామకృష్ణప్ప. "అమ్మితే ఆయనకే అమ్మల్ల. తోట పీకి రాళ్లు పోస్తాడు. నా చేత్తో నేను అది చేయలేను" అన్నాడు. మామిడి పూత రాలకముందే ఇద్దరూ వెనక్కి వచ్చేశారు. బస్సు దిగి గట్టు దారి పట్టగానే మంజులమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. బయట ఎట్లా ఉంటుందో తెలిసి వచ్చింది కాబట్టి, తడి గోనెలు కట్టిన ఆ ఇంట్లో అడుగు పెట్టడం ఈసారి ఇంకా కష్టమైంది.

ఇంటికి వచ్చిన మర్నాడు ఆమె ఒక్కతే క్రషర్ ఆఫీసుకు పోయింది. రామకృష్ణప్ప లేచి నిలబడి కుర్చీ చూపించాడు.

"అన్నా, మీ బావ ఊపిరి చూస్తిరి, పాప ఊపిరి చూస్తిరి. జల్లి మోసే బెల్టులకు రేకులు కప్పించండి. దారికి నీళ్లు కొట్టించండి. మూసేయమని నేను చెప్పడం లేదు" అంది.

"కప్పిస్తాను చెల్లెమ్మా, చెప్పి పెట్టినాను" అన్నాడాయన. అని ఊరుకోలేదు. "కాని ఒక మాట విను. నేను కప్పిస్తే తూర్పు పక్క వాళ్లు కప్పుతారా? నేను ఆపితే ఆ దుమ్ము ఆగుతుందా? నా దగ్గర పని చేసేవాళ్లు యాడికి పోతారు? నేనూ ఆ దుమ్ములోనే ఉండాను గదా. నా మనవరాలు గాదా అది?"

ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అవి అబద్ధపు నీళ్లు కావు. అదే మంజులమ్మకు దారి లేకుండా చేసింది. కసురుకుని ఉంటే తనూ కసురుకునేది. రేకులు మాత్రం రాలేదు.

ఆ ఎండాకాలం కాలనీలో ఇంటికొకరు దగ్గారు. చౌడమ్మ రెండో మనవడికి ఊపిరాడక కృష్ణగిరి పెద్దాసుపత్రిలో చేర్చారు. తిమ్మరాయప్ప కాలనీవాళ్లను కూడగట్టి పైవాళ్లకు అర్జీ పెట్టాడు. కాలుష్యం చూసే ఆఫీసు నుంచి మనుషులు వస్తారని తెలియగానే మంజులమ్మ దగ్గరికి వచ్చాడు.

"మేము చెప్తే కూలి తగాదా అంటారమ్మా. మీరు ఆయన బంధువులు. మీ నోటితో ఒక మాట వస్తే దానికి విలువుంటాది" అన్నాడు.

"ముత్తు పని పోతే?" అంది మంజులమ్మ.

తిమ్మరాయప్ప నేల చూశాడు. "పోతే పోనీ అనలేనమ్మా. కాని పిలగాడు చస్తే?"

వాళ్లు వస్తారన్న సంగతి రామకృష్ణప్పకూ అందింది. ముందు రోజు సాయంత్రమే క్రషర్ ఆగిపోయింది. ట్యాంకర్లు వచ్చి దారికి నీళ్లు కొట్టాయి. తోట అంచు మొక్కల మీద కూడా కొట్టాయి. పొద్దున లేచి చూసేసరికి మల్బరీ ఆకు ముదురు పచ్చగా మెరుస్తోంది. అది తమ తోటేనా అని మంజులమ్మకు అనుమానం వచ్చింది.

అధికారి ఇద్దరు సిబ్బందితో జీపు దిగాడు. క్రషర్ చూశాడు, దారి చూశాడు, చివరికి దగ్గరలో ఉన్న ఇల్లు ఇదే కాబట్టి ఇక్కడికి వచ్చాడు. వెంట రామకృష్ణప్ప, శశికుమార్, పాపను ఎత్తుకున్న పవిత్ర. వాకిలి బయట కాలనీవాళ్లు. జయరామప్ప వసారాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"మీకేమైనా ఇబ్బంది ఉండాదా పెద్దాయనా?" అని తమిళం మాని తెలుగులోనే అడిగాడు అధికారి.

జయరామప్ప వియ్యంకుణ్ని చూశాడు, కూతుర్ని చూశాడు. "ఏమీ లేదు సార్" అన్నాడు. అంతే అన్నాడు.

అధికారి తల ఊపి జీపు వైపు తిరిగాడు. వాకిలి బయట చౌడమ్మ తలపై కొంగు లాక్కుంది. మంజులమ్మ వసారా దిగింది. పవిత్ర వైపు చూడకూడదనుకుంది. చూస్తే మాట రాదు.

"సార్" అంది. "రేపు రాండి సార్."

"ఏమిటమ్మా?"

"నిన్న సాయంత్రం ఈ దారికి నీళ్లు కొట్టినారు. ఆకు కడిగినారు. మిషన్ ఆపినారు. రేపు చెప్పకుండా రాండి. వచ్చి ఈ కుర్చీలో కూర్చోండి. మా ఇంటాయన ఇట్ల కాకముందు ఆ కొస నుంచి ఈ కొసకు మోపు మోసినాడు. ఇప్పుడు స్నానం చేసి వచ్చేలోపల మూడుసార్లు ఆగుతాడు. లోపల మందులుండాయి, చూడండి. ఆ చంకలో ఉండే బిడ్డ మా మనవరాలు. దానికీ అదే మందు."

రామకృష్ణప్ప ముఖం ఎర్రబడింది. "చెల్లెమ్మా, ఇంటి మాట ఇంట్లో…"

"ఇంట్లో చెప్పినాను గదన్నా" అంది మంజులమ్మ.

జయరామప్ప ఆమెను ఆపడానికి చెయ్యెత్తి, మళ్లీ ఒళ్లో పెట్టుకున్నాడు.

"రేపు వేరే చోటికి పోవల్లమ్మా" అన్నాడు అధికారి. కాని జీపు దగ్గరికి పోయి, మళ్లీ వెనక్కి వచ్చి లోపలికి నడిచాడు. మందులు చూశాడు. కిటికీకి కట్టిన గోనెను వేలితో రాసి, ఆ వేలిని చూసుకున్నాడు.

అందరూ పోయాక పవిత్ర ఒక్కతే నిలబడింది. "నన్ను ఒక్క మాట అడిగి ఉండల్ల గదమా" అంది. "నువ్వు చెప్పేసి తలుపు వేసుకుంటావు. నేను ఇప్పుడు ఆ ఇంటికి పోవల్ల."

మంజులమ్మ వాకిలి దాకా వెంట నడిచింది.

కొన్ని వారాలకు క్రషర్ మూయించారు. తూర్పు పక్కవి మూయించలేదు. వాటి మీద ఎవరూ అర్జీ పెట్టలేదు. రామకృష్ణప్ప కారు మళ్లీ ఆ వాకిట్లోకి రాలేదు. ఆసుపత్రికి ఆటో మాట్లాడుకోవలసి వచ్చింది. పవిత్ర అత్త కోడలితో మాటలు మానేసింది. ముత్తు పని పోయి ఇంట్లో కూర్చున్నాడు. ఒక రోజు చౌడమ్మ పాలు తీసుకోడానికి వచ్చి, "తప్పు చేసినామేమో అమ్మా" అంది. మంజులమ్మ చెంబు నిండా పాలు పోసి ఇచ్చింది.

తర్వాత బెల్టుల మీద రేకులు కప్పి, నీళ్లు చిమ్మే గొట్టాలు బిగించి క్రషర్ మళ్లీ తెరిచారు. ముత్తును మళ్లీ పిలిచారు. దుమ్ము తగ్గింది, పోలేదు. టిప్పర్లు అదే దారిలో పోతున్నాయి. జయరామప్పకు ఇంట్లోనే ఆక్సిజన్ మిషను పెట్టారు. కరెంటు పోతే మంజులమ్మ విసనకర్ర పట్టుకుని పక్కన కూర్చుంటుంది. దానివల్ల ఉపయోగం లేదని ఆమెకు తెలుసు. పురుగులు పెట్టడం మానేశారు. తట్టలు అటక మీద ఉన్నాయి. మల్బరీ ఆకు ఆవులకు వేస్తోంది, దులిపి.

ఒక్కటి మాత్రం జరిగింది. క్రషర్ మూతపడి ఉన్న ఆ రోజుల్లోనే శశికుమార్ ఒక పొద్దున ఒంటరిగా వచ్చాడు. వసారాలో మామ కాళ్ల దగ్గర కూర్చుని, "అత్తా, ఊత్తంగరైలో మీ తమ్ముడింటి పక్కన బడి ఉండాదా?" అని అడిగాడు. తండ్రితో తనే మాట్లాడాడట. ఏం మాట్లాడాడో చెప్పలేదు. బడి తెరిచే నాటికి పవిత్రను, పాపను తనే తీసుకుపోయి అక్కడ దించి వచ్చాడు. ఆదివారాలు పోయి వస్తాడు. పోయే ముందు పవిత్ర అమ్మ దగ్గరికి వచ్చింది. కోపం పూర్తిగా పోలేదు. "నువ్వూ నాయనా గూడా వచ్చేయండిమా" అంది.

"మిషన్ వదిలి మీ నాయన బస్సు దూరం రాలేడు. నేను మీ నాయనను వదిలి యాడికి వస్తాను?" అంది మంజులమ్మ.

మొన్న మంజుశ్రీ ఫోను చేసింది. మామిడి తోటలోంచి పరిగెత్తుతూ మాట్లాడుతోంది. బావి దగ్గర ఉడత కనపడిందట, రామచంద్ర తాత దాన్ని తరిమాడట, మళ్లీ వచ్చిందట, బళ్లో పక్క పిల్ల పెన్సిల్ లాక్కుందట. మాట మీద మాట, ఆగకుండా చెబుతూ పోయింది. మంజులమ్మ ఊ కొడుతూ ఫోను చెవికి గట్టిగా అదుముకుంది. మాటలు ఆమెకు పట్టలేదు. మాటకూ మాటకూ నడుమ వచ్చే ఊపిరిని వింటోంది. ఈల లేదు. గరగర లేదు.

"ఏమంటాంది బిడ్డ?" అన్నాడు జయరామప్ప, ముక్కులో గొట్టం సర్దుకుంటూ.

"పరిగెత్తుతా ఉండాది" అంది మంజులమ్మ.

బయట టిప్పరు ఒకటి పోయింది. ఆమె లేచి గోనెలు తడపడానికి చెంబు అందుకుంది.